గెడతో నెట్టెయ్యని మనిషి

శ్రావణం, గురువారం. తెల్లవారినప్పటి నుంచి ముసురు. నా ట్రక్కు ఆటో బండికి ఇంజను ఆయిలు మార్చాను. వెనక తొట్టిలో తుప్పు పట్టిన రేకు ఊడదీసి కొత్తది బిగించాను. చేతుల జిడ్డు గుడ్డతో తుడుచుకుంటుంటే ఫోను మోగింది. హెడ్డుగారి అల్లుడు.

"మావయ్యగారు పోయారండీ. గుడివాడ ఆస్పత్రిలో, పొద్దున్నే. ముందు మీకే చెప్పమన్నారు అత్తయ్యగారు."

"ఎప్పుడు తీసుకొస్తున్నారు?" అని అడిగాను.

"అంబులెన్సు మాట్లాడుతున్నామండీ. వాన కదా, చూడాలి."

అంబులెన్సు ఎందుకు, నా బండి ఉందిగా అనబోయి ఆగిపోయాను. నా బండిలో ఎవరెవరు ప్రయాణం చేశారో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

నాకు రోజూ పద్దు రాసుకునే అలవాటు ఉంది. అయిదో తరగతితో బడి ఆగిపోయినవాణ్ణి. ఐసు లోడులు, డీజిలు, వాన, ఎండ రాసుకుంటూ రాసుకుంటూ రాయడం నేర్చుకున్నాను. ఆ రోజు కింద ఆయిలు సంగతి, రేకు సంగతి రాశాను. హెడ్డుగారి సంగతి రాయలేకపోయాను. ఆయన గురించి ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే అబద్ధం రాసినట్టు ఉంటుందనిపించింది. అందుకని ఇది విడిగా రాస్తున్నాను. చదివేవాళ్ళలో ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎందరుంటారో తెలియదు. ఎరగనివాళ్ళ కోసమే అనుకోండి.

ఆయన మా దివిసీమలో ఒక పోలీసు స్టేషనులో హెడ్ కానిస్టేబులు. పేరు ఉంది గానీ మండలంలో ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. హెడ్డుగారు, అంతే. రిటైరయ్యాక కూడా హెడ్డుగారే. ఆ పైమెట్టు ఆయనకు ఎందుకు రాలేదో తరవాత చెప్తాను.

మా స్టేషనుకి రోజూ వచ్చే తగువులు పెద్దవేమీ కాదు. చెరువు మీద మోటారు పోయింది. పంటకాలవ నీళ్ళు వంతు తప్పి పక్కవాడు తిప్పుకున్నాడు. బాతులు దాటొచ్చి నారుమడి తొక్కాయి. అల్లుడు తాగొచ్చి అత్తగారి టీవీ బద్దలుకొట్టాడు. ఇవి కాక పాస్‌పోర్టు విచారణలు, కోర్టు సమన్లు, తిరనాళ్ళ బందోబస్తు. ఏ పని మీద వచ్చినా జనం ముందు హెడ్డుగారి దగ్గరికే వెళ్ళేవారు. లోపల బల్లలు చాలవు. పట్టుకొచ్చి పడేసిన మోటారు సైకిళ్ళు, ఆటోలు ఆవరణలో ఏళ్ళ తరబడి ఉండేవి. వచ్చినవాళ్ళను వాటి మీదే కూర్చోబెట్టేవారు. ఒక ఆటో మీదికి దొండపాదు పాకి విరగకాసేది. తగువు పడి వచ్చిన ఇద్దరినీ చెరో వైపు నిలబెట్టి దొండకాయలు కోసుకోమనేవారు. కోస్తుండగా మాటల్లో పెట్టి సంగతి తేల్చేసేవారు. "కోర్టు ప్రాపర్టీ అది, మరీ ఎక్కువ కొయ్యకండి" అని మళ్ళీ ఆయనే కసిరేవారు.

సమన్లు ఇవ్వడానికి వెళ్తే మనుషులు దాక్కుంటారు. ఓసారి నేను ఆయన్ని నా బండిలో ఒక లంక ఊరికి తీసుకెళ్ళాను. ఇంటావిడ గుమ్మంలో నిలబడి, "మా ఆయన బందరు వెళ్ళాడండీ, వారమైంది" అంది. అంతలో పెరట్లో గడ్డిమేటు లోంచి దగ్గు వినపడింది. హెడ్డుగారు నవ్వలేదు.

"అలాగా అమ్మా. మీ గడ్డిమేటుకి జలుబు చేసినట్టుంది. కాస్త మిరియాల కషాయం పొయ్యి" అని అరుగు మీద కూర్చున్నారు. ఆ మనిషి ఒంటినిండా గడ్డితో బయటికొచ్చి సంతకం పెట్టేదాకా, ఆ ఏడు మినుము ఎలా ఉందో ఆవిడతో మాట్లాడుతూనే ఉన్నారు.

నాకు ఆయనతో పరిచయం ఒక శవం వల్ల అయింది.

మాది కాలవల దేశం. పై నుంచి కొట్టుకొచ్చేవన్నీ మా దగ్గరే తేలతాయి. గుర్రపుడెక్క, తాటిమొద్దులు, చచ్చిన గేదెలు, మనుషులు. శవం దొరికితే ఆస్పత్రికి చేర్చడానికి బండి కావాలి. ఆ కబురు తెలిస్తే చాలు, స్టాండులో ట్రక్కు ఆటోలన్నీ మాయమైపోయేవి. నేను అప్పుడే గిలకలదిండి చేపల రేవులో ఐసు దింపి వచ్చాను, నాకు కబురు తెలియదు. ఆయన వచ్చి బండి పక్కన నిలబడ్డారు.

"ఏమయ్యా ఐసూ, నీ బండి కావాలి. బలవంతమేం లేదు" అన్నారు.

యూనిఫాం వేసుకున్న మనిషి బలవంతం లేదనడం వినడం నాకు అదే మొదలు. అందుకే కాదనలేకపోయాను. ఆ రోజు నుంచి ఆయనకు నేను ఐసునే.

శవాన్ని దింపాక బండి కడుక్కోవడానికి కాలవ దగ్గరికి వెళ్తే ఆయనా వచ్చారు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఫినాయిలు పోసి, తొట్టి మూలమూలా చీపురుతో ఆయనే తోమారు. నేను వద్దంటుంటే, "రేపు ఇందులో రొయ్యలు ఎక్కుతాయి. తినేవాడికి తెలియకపోవచ్చు, నీకు తెలుస్తుంది కదా" అన్నారు. ఆ తరవాత ఎప్పుడు ఎవరిని మోసినా, కడగడానికి ఆయన రాకుండా ఉండలేదు.

టీ బంకు దగ్గర నన్ను చూసి "ఇవాళ లోడు రొయ్యలా, మనుషులా?" అని వేళాకోళం చేసేవాళ్ళు. కొందరు ఆసాములు నా బండికి సరుకు ఎక్కించడం మానేశారు. హెడ్డుగారు అది విని ఎవరినీ ఏమీ అనలేదు. ఓ పొద్దున బంకు దగ్గరికి వచ్చి, అందరూ చూస్తుండగా నా బండి తొట్టిలో రేకు మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుని, టీలో బన్ను ముంచుకుని తిన్నారు. తిన్నాక ఆ రేకు మీద రాలిన పొడి కూడా వేలికి అద్దుకుని నోట్లో వేసుకున్నారు.

ఇక గెడ సంగతి చెప్పాలి. పడవ నడిపే ఆ పొడుగాటి కర్రకి పోలీసులతో ఏం పనని అనుకుంటారు. మా దగ్గర ఏటికి ఈ ఒడ్డు ఒక జిల్లా, ఆ ఒడ్డు ఇంకో జిల్లా. మధ్యలో శవం తేలితే ఏ ఒడ్డుకి దగ్గరగా ఉంటే ఆ స్టేషనుది. వాళ్ళు కేసు కట్టాలి, డాక్టరు కోసం కాయాలి, ఎవరూ రాకపోతే పూడ్చాలి, ఆ మనిషి ఎవరో తేలేదాకా పైవాళ్ళకు జవాబు చెప్తూ ఉండాలి. అందుకని ఓ పద్ధతి ఉండేది. పడవవాడికి కనుసైగ చేస్తే గెడతో మెల్లగా అవతలి వైపు నెట్టేస్తాడు. అవతలివాళ్ళు చూస్తే మళ్ళీ ఇటు నెట్టిస్తారు. అలా నెట్టగా నెట్టగా, ఆటు వేళకి నీళ్ళే సముద్రంలోకి లాక్కుపోతాయి. రెండు ఒడ్లకూ పీడ విరగడ.

ఒక ఏడు భాద్రపదంలో ఏటికి వరద వచ్చి తగ్గింది. లంక రేవు నుంచి పడవవాడు కబురు పెట్టాడు. నేను, హెడ్డుగారు వెళ్ళాం. మగమనిషి, బోర్లా తేలుతున్నాడు. భుజాల మీద, పక్కల మీద గెడ పొడిచిన గుర్తులు. అప్పటికే ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగాడో. పడవవాడు గెడ ఎత్తి పట్టుకుని, రోజూ అడిగే మాటలాగా అడిగాడు.

"నెట్టెయ్యమంటారా హెడ్డుగారూ? నీళ్ళు లాగుతున్నాయి. ఒక్క తోపుకి పోతాడు."

"ఎక్కడికి పోతాడ్రా?"

"అవతలికండీ. కాపోతే సముద్రంలోకి."

"సరే. రేపు ఇతని పెళ్ళామో తల్లో వచ్చి మావాడేడీ అంటే సముద్రం చూపిస్తావా? అందులో ఎక్కడని చూపిస్తావు?"

పడవవాడు గెడ దించాడు. హెడ్డుగారు పడవ దగ్గరికి పోనిమ్మని, ఆయనే వంగి ఆ మనిషి చంకల కింద తాడు వేశారు.

ఒడ్డుకి చేర్చాక చూస్తే నడుముకి ఒక అద్దకం గుడ్డ చుట్టి ఉంది. జేబులో ఏమీ లేదు. హెడ్డుగారు ఆ గుడ్డలోంచి జానెడు ముక్క కత్తిరించి, ఉతికి, ఆరబెట్టి, మూత ఉన్న గాజుసీసాలో వేసి స్టేషనులో దాచారు. గుర్తు తెలియని మనిషి ఎవరు దొరికినా ఆయన అలాగే చేసేవారు.

అప్పటి ఎస్సైగారు మండిపడ్డారు. "పక్క జిల్లావాళ్ళు వద్దనుకున్నదాన్ని నువ్వు బొట్టు పెట్టి పిలుచుకొచ్చావా? నీకు వేరే పనుల్లేవా?"

"సార్" అన్నారు హెడ్డుగారు. ఆయన సార్ అనడంలో చాలా రకాలుండేవి. మీరు అరవడం అయ్యాక నా పని నేను చేసుకుంటాను అనే రకం అది.

ఎవరూ రాలేదు. పూడ్చాం. గుర్తు తెలియని వాళ్ళను కాల్చకూడదు, పూడ్చాలి. ఎవరైనా వస్తే తీసి ఇవ్వాలి గనక. కాలవ కట్ట కింద, ఊరి శ్మశానానికి అవతల, ఎవరిదీ కాని మూల ఒకటుండేది. తుమ్మచెట్లు, రెల్లు. అలాంటివాళ్ళందరూ అక్కడే. పూడ్చడం అయ్యాక హెడ్డుగారు తలవైపు గుర్తుకి ఒక తాటిదబ్బ పాతి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. "ఎవరో ఒకరు వస్తారులే, కాస్త ఓపిక పట్టు" అన్నారు. నాతో కాదు.

నిజంగానే వచ్చింది. చాలాకాలం గడిచాక, ఒక వేసవిలో. పెడన దగ్గర ఊరావిడ. భర్త అద్దకం పనివాడు. పనుందని చెప్పి ఇల్లు కదిలినవాడు తిరిగి రాలేదు. కాలు జారి ఏట్లో పడ్డాడో, ఇంకేమైనానో ఆవిడకు తెలియదు. అప్పుడే ఫిర్యాదు ఇచ్చిందట. ఏ స్టేషనులో ఇచ్చిందో నేను రాయను. అక్కడి నుంచి మా ఊరికి బస్సులో ఒక పూట ప్రయాణం కూడా లేదు. ఆ కాగితం ఇక్కడికి రాలేదు, ఇక్కడి కాగితం అక్కడ ఎవరూ చూడలేదు. ఆవిడ ఊరూరూ తిరిగి తిరిగి మా స్టేషను ఆవరణలోకి వచ్చి ఒక మోటారు సైకిలు మీద కూర్చుంది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

హెడ్డుగారు సీసా తెచ్చి మూత తీశారు. ఆవిడ ఆ ముక్కను వెలుతురుకి పట్టుకుని చూసింది. ఏడవలేదు. ఒక పువ్వు మీద వేలితో తడిమింది.

"ఈ రేకుకి కొన లేదు చూడండి. చెక్క అచ్చు మా ఆయన చేతిలోంచి జారి చిట్లింది. యజమాని నానా మాటలూ అన్నాడు. ఆ అచ్చుతో వేసిన గుడ్డ అమ్మకానికి పనికిరాదని నడుముకి కట్టుకునేవాడు, చేతులు తుడుచుకోడానికి."

కాసేపాగి మళ్ళీ అంది. "ఆయన్ని మా సమాధుల తోటకి తీసుకెళ్తానండి. పాస్టరుగారితో ఎప్పుడో మాట్లాడి పెట్టుకున్నాను. చోటిస్తానన్నారు. మా అత్తమామలు అక్కడే ఉన్నారు."

"తీసుకెళ్దువుగాని అమ్మా" అన్నారు హెడ్డుగారు.

ఆ మాట ఆయన మెడకు చుట్టుకుంది. పూడ్చిన మనిషిని తియ్యాలంటే పై ఆఫీసు ఉత్తర్వు కావాలి. అర్జీ రాయించి ఆవిడ చేత సంతకం పెట్టించారు. డ్యూటీ దిగాక ఆ ఆఫీసు గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడేవారు. సారు మీటింగులో ఉన్నారనేవారు. కంప్యూటరు పనిచేయడం లేదనేవారు. ఎన్నికలనేవారు. ఆవిడ ఫోను చేసి, "ఏమైనా తెలిసిందాండి?" అని అడిగితే, "అయిపోతుందమ్మా, వానల్లోపు అయిపోతుంది" అనేవారు. వానలు వచ్చాయి.

ఒక పొద్దున నేను ఐసు వేసుకుని ఆ కట్ట మీదుగా వస్తున్నాను. తుమ్మచెట్లు కనపడలేదు. బండి ఆపి చూస్తే ఆ మూల మొత్తం పెద్ద గొయ్యి. పొక్లెయిను ఇంకా తవ్వుతోంది. చుట్టుపక్కల రొయ్యల చెరువులన్నీ ఒకే ఆసామివి. కలిసొస్తుంది కదాని ఈ మూల కూడా తన చెరువులో కలిపేసుకుంటున్నాడు. హెడ్డుగారికి ఫోను చేశాను. లుంగీ మీదే వచ్చేశారు. ఆయన్ని వీధిలో లుంగీతో చూడడం నేను ఎరగను. తిన్నగా వెళ్ళి మిషను ఎదురుగా నిలబడ్డారు.

ఆసామి కారు దిగి నవ్వుతూ వచ్చాడు. "ఏంటి హెడ్డుగారూ, పొద్దున్నే వాకింగా?"

"ఆపించండి. ఇక్కడ మనుషులున్నారు."

"మనుషులా? రెల్లు తప్ప నాకేం కనపడలేదే."

"పూడ్చింది నేనండీ. ఎవరు ఎక్కడున్నారో చెప్తాను."

"మీవాళ్ళా?"

"కాదు."

"మరి ఎవరివాళ్ళు?"

హెడ్డుగారు గొయ్యి వైపు తిరిగారు. "ఒకాయనకి భార్య ఉంది. తీసుకెళ్తానంది" అన్నారు.

"దానికేముందండీ, రానివ్వండి. మజ్జిగ తాగించి పంపుతాను" అన్నాడు ఆసామి.

మిషను డ్రైవరు మాత్రం ఇంజను ఆపేసి దిగి దూరంగా వెళ్ళి కూర్చున్నాడు. ఆపినా లాభం లేదు. తాటిదబ్బ ఒక్కటీ లేదు. తవ్విన మట్టి అప్పటికే చుట్టూ కట్టగా పోసి చదును చేసేశారు. హెడ్డుగారు ఆ మట్టిలో చేతులు పెట్టి కాసేపు కెలికారు. నేను ఆయన వైపు చూడలేక కాలవ వైపు తిరిగాను.

మధ్యాహ్నం హెడ్డుగారినీ నన్నూ స్టేషనుకి పిలిచారు. అప్పటికి ఎస్సైగారు మారారు. ఈయన గొంతు పెంచే మనిషి కాదు. హెడ్డుగారిని కుర్చీలో కూర్చోబెట్టారు.

"రిటైర్మెంటు దగ్గర పడింది. ప్రమోషను లిస్టు కూడా రాబోతోంది. మీరు పూడ్చింది కాలవకి అవతలి వైపని ఒక స్టేట్‌మెంటు ఇచ్చేయండి. అక్కడా రెల్లే కదా. ఆవిడ ముందు తవ్వి చూపిద్దాం. దొరక్కపోతే వరదకి పోయిందంటాం. ఎవరికీ నష్టం లేదు."

"అవతల నేనెవర్నీ పూడ్చలేదు సార్."

"నాకు తెలుసండీ."

"తెలిస్తే మీరే రాయండి సార్. నేను రాయను."

నన్ను అడిగారు. ఆయన చెప్పిందే నేనూ చెప్పాను. నాకు ఎక్కువ మాటలు రావు.

కొద్దిరోజులకే హెడ్డుగారిని బందరు బదిలీ చేశారు. పరిపాలనా కారణాలు అని రాశారట. అక్కడ ఒక ఆఫీసు గేటు దగ్గర కాపలా. ప్రమోషను లిస్టులో ఆయన పేరు లేదు. ఆయన చేతి కింద పని నేర్చుకున్నవాళ్ళు పైకి వెళ్ళారు. ఆయన హెడ్డుగానే దిగిపోయారు. ఆవిడ అర్జీకి కూడా జవాబు వచ్చింది. చెప్పిన చోట నీళ్ళు ఉన్నాయి, సమాధి లేదు, కాబట్టి ఉత్తర్వు ఇవ్వడానికి వీలు లేదు అని. అందులో ఒక్క మాట తప్పు లేదు.

ఆయన ఎవరినీ తిట్టగా నేను వినలేదు. చేపలు తినేవారు గానీ రొయ్యలు మానేశారు. ఇంట్లో ఎవరూ ఎందుకని అడగలేదు.

పెడన వెళ్ళి ఆవిడకు చెప్పింది కూడా ఆయనే. నా బండిలోనే వెళ్ళాం. "అక్కడ చెరువు తవ్వారమ్మా. తీసుకెళ్ళడం ఇక కుదరదు" అన్నారు, గుమ్మం బయటే నిలబడి. ఆవిడ లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగేదాకా ఆగి, "పోనీ ఉన్న చోటు చూపిస్తారాండి? ఓ ప్రార్థన చేసుకుంటాను" అంది.

తీసుకెళ్ళాం. చెరువు నిండా నీళ్ళు. నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయి. మేము పూడ్చిన చోటు నాకు తెలుసు, నేను మోసిన మనిషి. ఇప్పుడు అది నీళ్ళ మధ్యలో, ఒక ఏరేటరు నురగలు కక్కుతున్న చోట ఉంది. హెడ్డుగారు అటు ఒక్కసారి చూశారు. తరవాత కట్ట మూలకి నడిచి, కాళ్ళ దగ్గర నేల చూపించి, "ఇక్కడమ్మా" అన్నారు. ఆవిడ మోకరించి నుదురు మట్టికి ఆనించింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడను బస్సెక్కించాక అడిగాను.

"మనం పూడ్చింది అక్కడ కాదుగా హెడ్డుగారూ."

"కాదు."

"మరి?"

"నీళ్ళ మధ్యలో చూపిస్తే ఆవిడ ఎక్కడ మోకరిస్తుందయ్యా?"

కొంత దూరం పోయాక, "ఆ మట్టే కదా కట్టయింది" అన్నారు.

ఆ మనిషిని ఏట్లోంచి తీసిన తారీఖు ఒకటే ఆవిడ దగ్గర ఉన్నది. ఏటా ఆ రోజున వచ్చేది. హెడ్డుగారు చెరువు గేటు కాపలావాడితో మాట్లాడి, ఆవిడను కట్ట మీదికి పంపి, తను గేటు దగ్గర నిలబడేవారు. ఒంట్లో బాగాలేని ఏడు కూడా వచ్చారు. కిందటి ఏడు బండి దిగడానికి నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది. "కాస్త బరువయ్యాను కదూ" అని నవ్వారు. సగమైపోయి ఉన్నారు.

ఊళ్ళో దహనానికి జనం బాగానే వచ్చారు. పడవవాడు వచ్చి ఆయన కాళ్ళ దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. స్టేషను నుంచి ఎవరూ రాలేదు, ఎవరో పెద్దవాళ్ళ బందోబస్తు అన్నారు. హోంగార్డు ఒకతను మామూలు బట్టల్లో వచ్చి, గుంపు వెనక నిలబడి సెల్యూట్ కొట్టి వెళ్ళిపోయాడు. హెడ్డుగారింటికి ఎదురుగా ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. మా ప్రియతమ హెడ్డుగారికి కన్నీటి నివాళి అని. కట్టించింది చెరువుల ఆసామి. చేతులు జోడించిన ఆసామి బొమ్మ నిలువెత్తున ఉంది. హెడ్డుగారి బొమ్మ కింద మూల, పాస్‌పోర్టు ఫోటో అంత.

హెడ్డుగారి ఇంటావిడ, అమ్మగారు, కిటికీలోంచి చూశారు. "అది తీసెయ్యి నాయనా" అన్నారు నాతో.

"ఇప్పుడెందుకత్తయ్యా గొడవ?" అన్నాడు అల్లుడు.

"గొడవేముంది? ఆయనుంటే అది చూస్తూ అన్నం తినేవారా?"

నేను వెళ్ళి తాళ్ళు కోసి దించాను. ఎవరూ అడ్డం రాలేదు. ఎవరూ సాయం కూడా రాలేదు.

భాద్రపదం, సోమవారం. పొద్దున్నే వాన వెలిసి ఎండ కాసింది. టైర్లకు గాలి పట్టించాను. పెడన ఆవిడ వచ్చే రోజని గుర్తుండి పులిగడ్డ వెళ్ళి బస్సు దగ్గర నిలబడ్డాను. చేతిలో తెల్ల చామంతుల కవరుతో దిగింది. నా వెనక చూసింది, బండిలో చూసింది.

"హెడ్డుగారు రాలేదాండి?"

చెప్పాను. ఆవిడ అక్కడే బస్‌షెల్టరు చప్టా మీద కూర్చుండిపోయింది.

"నాకెవరూ చెప్పలేదండి."

"ఎవరి దగ్గరా మీ నంబరు లేదమ్మా."

"అవున్లెండి. ఆయనకే తెలుసు." కవరులోంచి కొన్ని పూలు తీసి పక్కన పెట్టింది. "ఇవి వాళ్ళింట్లో ఇస్తారా?" అంది. ఇస్తానన్నాను.

చెరువు దగ్గర కొత్త కంచె, కొత్త కాపలావాడు. "బయటోళ్ళని రానివ్వద్దన్నారండీ. మీ కాళ్ళతో రోగం వచ్చి రొయ్య చస్తుందంట" అన్నాడు.

"ఏటా వచ్చే ఆవిడే. హెడ్డుగారు తీసుకొచ్చేవారు."

"ఏ హెడ్డుగారండీ?"

ఆ కుర్రవాడి తప్పేమీ లేదు. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడే మాట్లాడింది.

"మా ఆయన ఉన్నాడు బాబూ లోపల. అయిదు నిమిషాలు."

అతను చెరువు వైపు తిరిగి చూశాడు. కట్ట మీద ఎవరూ లేరు. మళ్ళీ ఆవిడ చేతిలో పూలు చూశాడు. గేటు లోపల ఒక తొట్టి ఉంది, ఊదారంగు మందునీళ్ళతో. "అందులో కాళ్ళు ముంచుకుని వెళ్ళండమ్మా. తొందరగా వచ్చెయ్యండి" అన్నాడు. ఇద్దరం చెప్పులు విడిచి ముంచుకున్నాం.

మూలకి వెళ్ళేసరికి అక్కడ రేకుల షెడ్డు ఉంది. లోపల జనరేటరు. నేలంతా సిమెంటు చేసేశారు. ఆవిడ దాని ముందు ఆగిపోయింది.

"హెడ్డుగారు చూపించింది ఇక్కడే కదండీ."

ఆయనుంటే ఏం చేసేవారో ఆలోచించడానికి కూడా వ్యవధి లేదు. కట్ట వెంట ఇంకొంచెం ముందుకి నడిచి, గడ్డి మొలిచిన చోట ఆగి, నేల చూపించాను.

"ఇక్కడమ్మా. షెడ్డు అటు పక్కకి వేశారు."

ఆవిడ షెడ్డు వైపు చూసింది. నీళ్ళ మధ్యలో తిరుగుతున్న ఏరేటరు వైపు చూసింది. తరవాత నన్ను.

"హెడ్డుగారు కూడా ముందు ఆ నీళ్ళవైపే చూశారండి, మొదటిసారి" అంది.

నేను తల దించుకున్నాను. ఆవిడ నేను చూపించిన చోటుకి వచ్చి, పూలు కింద పెట్టి, కొంగు తలమీద కప్పుకుని మోకరించింది.

నేను వెనక్కి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాను. వాన వెలిశాక కట్ట మీద కొత్తగా సున్నం చల్లినట్టున్నారు, తెల్లగా ఉంది. దాని మీద తొట్టి దగ్గర్నుంచి గడ్డి దాకా ఊదారంగు అడుగులు. నావి వెళ్ళినవీ వచ్చినవీ ఉన్నాయి. ఆవిడవి వెళ్ళినవే ఉన్నాయి.